పేరులేని దిబ్బలకు సున్నం

మొన్న మా పెరట్లో పాత రేకు బకెట్టులో సున్నపు రాళ్లు వేసి చెంబెడు నీళ్లు పోశాను. అవి కాసేపు ఏమీ తెలియనట్టు ఊరుకొని, తర్వాత అడుగున ఎవరో పొయ్యి రాజేసినట్టు బుసబుసమని ఉడకడం మొదలుపెట్టాయి. ఆ ఆవిరి వాసన ముక్కుకు తగలగానే చేతిలో చెంబు అట్లాగే ఆగిపోయింది. తడి సున్నం వాసన చాలామందికి పండుగ ముందు ఇంటి గోడలను గుర్తుకు తెస్తుందట. నాకు మాత్రం మా సమాధుల తోట గుర్తుకొస్తుంది. ఈ రాళ్ల కోసం జహీరాబాదు బజారంతా తిరిగాను. రంగుల డబ్బాలు అమ్మే పిల్లవాడు అవి ఎట్లా ఉంటాయని నన్నే అడిగాడు. చివరికి రైల్వే గేటు దగ్గర ఒక ముసలి సేటు గోనె సంచి అడుగున మిగిలినవి దులిపి తూస్తూ, ఇల్లు కడుతున్నారా అన్నాడు. కాదు, సమాధులకు అన్నాను. ఆయన ఇంకో రెండు రాళ్లు తీసి సంచిలో వేశాడు.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, దాచిపెట్టి చివర్లో బయటపెట్టడం నాకు చేతకాదు. ఈ ఈస్టరు వెళ్లగానే నాకు హైదరాబాదులో ఆపరేషను. కడుపులో గడ్డ. మంచిదో చెడ్డదో కోసి చూస్తే గాని చెప్పలేమన్నది డాక్టరమ్మ. ఇన్నేళ్లు బడిలో పిల్లలకు పాఠాలు చెప్పి, ఆదివారం ఆదివారం చర్చిలో ముందు చాప మీద కూర్చుని, ఎవరింట్లో చావు జరిగినా వెళ్లి నాలుగు ధైర్యపు మాటలు చెప్పి వచ్చే ఈ రూతు టీచరుకు, ఆ మాట విన్ననాటి నుంచి అన్నం సయించడం లేదు. చిన్నప్పుడు నన్ను పట్టి పీడించిన భయమే మళ్లీ వచ్చి పక్కన కూర్చుంది. ముసలిది కూడా కాలేదు. చూడగానే గుర్తుపట్టాను. దాంతో నాకు పరిచయం ఎట్లా అయిందో, ఒకనాడు అది ఎట్లా లేచి వెళ్లిపోయిందో చెప్పుకుంటే మళ్లీ వెళ్తుందేమోనని ఆశ.

మా వాడ రైల్వే గేటు అవతల, ఊరు అయిపోయి ఎర్రమట్టి మొదలయ్యే చోట ఉండేది. మట్టి మిద్దెలు, మిద్దెల మీద ఎండుమిరపకాయలు, గోడలకు పిడకలు, ప్రతి ఇంటి తలుపు మీద సుద్దతో గీసిన చిన్న సిలువ. మా నాయిన మార్కెట్ యార్డులో హమాలీ. ఆలుగడ్డల కాలంలో ఆయన ఒంటి నిండా మన్నే ఉండేది, అల్లం కాలంలో ఆయన పక్కన కూర్చుంటే మాకు తుమ్ములు వచ్చేవి. అమ్మ పేరు సుగుణమ్మ, ఆమెది బీదరు పక్క పల్లె, పెళ్లయి ఇన్నేళ్లయినా కోపం వస్తే కన్నడమే, దుఃఖం వస్తే కన్నడమే. నాయిన తల్లిని మేం అవ్వ అనేవాళ్లం. అవ్వకు చదువు రాదు గాని చర్చిలో పాడే పాటలన్నీ నోటికి వచ్చు, పాడుతూ పాడుతూ మధ్యలో కోడిని అదిలించి, మళ్లీ ఆ చరణం దగ్గరే అందుకునేది.

చలికాలం వస్తే మాకు పండుగలే పండుగలు. నల్లరేగడి చేలల్లో జొన్న కంకి పాలు పోసుకున్నప్పుడు అవ్వ వెంట పిట్టలు కొట్టడానికి వెళ్లి, వడిసెల తిప్పడం రాక మా నెత్తులే పగలగొట్టుకుని, మధ్యాహ్నం పిడకల మంట మీద కాల్చి నలిచిన ఊసబియ్యం బెల్లంతో తింటుంటే మూతులు నల్లగా అయ్యేవి. చెరుకు బండ్లు ఫ్యాక్టరీకి పోతుంటే వెనక వేలాడి గడలు లాగేవాళ్లం, బండివాడు తిడితే ఆ తిట్లు కూడా నేర్చుకునేవాళ్లం. క్రిస్మసుకు నాయిన వెదురు బద్దలు కట్టి, రంగు కాగితం అంటించి, లోపల దీపం పెట్టి మిద్దె మీద నక్షత్రం నిలబెట్టేవాడు. అమ్మ చేసే గరిజెల్లో కొబ్బరి కంటే నువ్వులే ఎక్కువ ఉండేవి, కొరికితే పొడి ముక్కులోకి వెళ్లేది. ఎండలు ముదరకముందే మోదుగులు ఎర్రగా పూసేవి, ఇంటింటా చింతపండు కొట్టే చప్పుడు మొదలయ్యేది. ఆ రోజులనే శ్రమకాలం అంటాం మేము. నలభై రోజులు కూర, అంటే మాంసం, ముట్టం. నా తమ్ముడు మాత్రం రోజూ సాయంత్రం, ఇంకెన్ని రోజులకు యేసు లేస్తడు, ఎన్నడు కూర తింటం అని అడిగేవాడు.

తమ్ముడి పేరు దానియేలు, ఇంట్లో దానేలు. నాకంటే నాలుగైదేళ్లు చిన్నవాడు. పెద్ద తల, సన్న కాళ్లు, ఎప్పుడూ జారే లాగు. నా గౌను కుచ్చు పట్టుకోనిదే గడప దాటేవాడు కాదు, రైల్వే గేటు దగ్గర ఇంజను కూత వినిపిస్తే ఆ గౌనులోనే తల దూర్చేవాడు. ఒకసారి అంగడి రోజున ఆ కుచ్చు వదిలి, పీచుమిఠాయి గంట వెంట పడి పోయాడు. జహీరాబాదు అంగడి అంటే ఏమనుకున్నారు, న్యాల్‌కల్ నుంచి, రాయికోడ్ నుంచి, సరిహద్దు అవతలి పల్లెల నుంచి వచ్చిన జనం, మేకలు, మిరపకాయ రాశులు, తెలుగూ ఉర్దూ కన్నడమూ మరాఠీ కలిసిన ఒకటే గోల. ఆ గోలలో అమ్మ నెత్తి మీది గంప కింద పడేసి, కొంగు జారిపోతున్నా చూసుకోకుండా, దానేలూ దానేలూ అని అరుస్తూ వరసలన్నీ తిరిగింది. వాడు ఒక కుండలమ్మే ఆమె పక్కన నిలబడి ఉన్నాడు. ఆమె ఎంత అడిగినా పేరు చెప్పలేదట, బెల్లం ముక్క ఇస్తే తీసుకోలేదట. అమ్మ గొంతు వినిపించగానే మాత్రం ఇక్కడున్నా అని గట్టిగా పలికాడు.

ఇంటికి వచ్చాక అమ్మ వాడికి రెండు దెబ్బలు వేసి, తర్వాత ఒళ్లో కూర్చోబెట్టుకుని ఒక మాట నేర్పింది.

"తప్పిపోతే ఏడకు పోవద్దు బిడ్డా. ఉన్నకాడనే ఉండు. నేను పిలుసుకుంట వస్త."

వాడు ఆ మాటను ఆట చేసుకున్నాడు. దాగుడుమూతలు ఆడుతుంటే కూడా దాక్కోకుండా వాకిట్లోనే నిలబడి, నేను ఉన్నకాడనే ఉన్న, పిలువుమను అమ్మను అనేవాడు. మేం నవ్వేవాళ్లం.

ఆ ఏడు వానలు ఆలస్యంగా వచ్చి, వచ్చాక ఆగలేదు. మిద్దెలు కారాయి, వాడలో పిల్లలకు జ్వరాలు మొదలయ్యాయి. దానేలుకు కూడా వచ్చింది. దవాఖానకు తీసుకుపోయారు, సూదులు వేశారు, నయమైందని ఇంటికి తెచ్చారు, మళ్లీ ఎక్కింది. ఒకనాటి మధ్యాహ్నం అమ్మ వాడికి జావ తాగిస్తుండగా మింగడం మానేశాడు. అంతే. జావ పెదవి పక్క నుంచి కారింది, అమ్మ తుడిచింది, మళ్లీ గంటె నోటి దగ్గర పెట్టింది. నేను గుంజ దగ్గర నిలబడి చూస్తున్నాను. ఒక మనిషి ఉండి, ఆ మనిషే లేకుండా పోవడం అంత చప్పుడు లేకుండా జరుగుతుందని నాకు అప్పటిదాకా తెలియదు.

మా సమాధుల తోట మొగుడంపల్లి పోయే దారిలో ఒక ఎర్రదిబ్బ మీద ఉండేది. తోట అనడమే గాని సీతాఫలం పొదలు, ఒక వేప తప్ప చెట్లు లేవు. అమ్మ పుట్టింటి వైపు ఆడవాళ్లు మట్టి ఇచ్చే చోటికి పోరు. ఆమె ఇంట్లోనే గోడకు తల కొట్టుకుంటూ ఉండిపోయింది. నేను అవ్వ కొంగు పట్టుకుని వెళ్లాను. వాన కురుస్తూనే ఉంది. తవ్విన గుంతలోకి ఎర్రనీళ్లు దిగుతుంటే నాయిన బొచ్చెతో తోడాడు, తోడిన కొద్దీ ఊరాయి. పాస్టరయ్య గొడుగు కింద నిలబడి వాక్యం చదివాడు, వాన చప్పుడులో ఒక్క ముక్క వినపడలేదు. చీకటి పడేలోపు అయిపోవాలని అందరూ గబగబా మన్ను లాగారు. రాయి పాతలేదు, పేరు రాయలేదు. ఆ వానలో ఎవరికి తోచింది.

అప్పటి నుంచి నాకు భయం పట్టుకుంది. చావంటే అందరికీ భయమే, నా భయం మాత్రం చాలా కచ్చితమైనది. మట్టిలోకి పోయినవాళ్లు తప్పిపోతారని నా భయం. వాన వస్తే, నీళ్లు ఇప్పుడు వాడి దగ్గరికి చేరి ఉంటాయని లెక్క వేసేదాన్ని. గుంతలో చెయ్యి పెట్టి ఆలుగడ్డలు ఏరమంటే చెయ్యి రాకపోయేది. ఎర్రమట్టితో అలికిన గోడకు వీపు ఆనిస్తే చలి పుట్టేది. అమ్మ కాసేపు కళ్లు మూసుకుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసేదాన్ని. నేను చచ్చిపోతే నన్ను కూడా అక్కడే పెడతారు, ఏ దిక్కు తల ఉందో ఎవరికీ గుర్తుండదు, కొన్నాళ్లకు ఎవరూ రారు అనుకునేదాన్ని. బడిలో అన్నం డబ్బా మూత తీయకుండానే ఇంటికి తెచ్చేదాన్ని.

పెద్దవాళ్లు వాళ్లకు తెలిసింది చెప్పారు. దేవుడు తీసుకున్నడు బిడ్డా అన్నది అవ్వ. నాకు ఆ మాట ఓదార్పు కాలేదు, అడగకుండా తీసుకోవడం మంచి పద్ధతి కాదని మా అవ్వే కదా మాకు చెప్పింది. పాస్టరయ్య పరలోకం గురించి చెప్పాడు, బంగారు వీధులన్నాడు, అక్కడ జ్వరాలు ఉండవన్నాడు. ఉండకపోవచ్చు. కాని రైల్వే గేటు కూడా ఒంటరిగా దాటలేనివాడు అంత దూరం ఎవరి గౌను పట్టుకుని పోయాడో ఆయన చెప్పలేదు. నేను అడగలేదు. అడిగితే విశ్వాసం లేని పిల్ల అంటారని భయం, ఆ భయం వేరే.

మా వాళ్లకు ఒక ఆచారం ఉండేది. ఈస్టరు ముందటి శనివారం ఎవరి సమాధులకు వాళ్లు సున్నం వేసుకోవాలి, మరునాడు సూర్యుడు రాకముందే కొవ్వొత్తులతో అక్కడికి పోయి పాటలు పాడాలి. శుక్రవారమే సున్నం నానబెట్టి, పాత చీర ముక్కలో వడగట్టి, చిటికెడు నీలిమందు కలిపేవాళ్లు. ఈతమట్ట చివర రాయితో నలగ్గొట్టి కుంచెలు చేసేవాడు నాయిన. దానేలు పోయిన తర్వాత వచ్చిన మొదటి ఈస్టరుకు అమ్మ రాలేదు, గోడ వైపు తిరిగి పడుకుంది. అవ్వ, నాయిన, నేను వెళ్లాం. వానలకు దిబ్బలన్నీ కుంగి, గడ్డి మొలిచి, పిల్లల దిబ్బలైతే నేల మట్టమే అయ్యాయి. వేప పక్కన ఒక చిన్న దిబ్బకు తల దగ్గర రాయి ఉంది. అవ్వ తిన్నగా దాని దగ్గరికి వెళ్లి గడ్డి పీకింది, నాయిన సున్నం పూశాడు. నేను దూరంగా బకెట్టు పట్టుకుని నిలబడ్డాను, ఆ మట్టి మీద కాలు పెట్టలేదు. ఇంటికి వచ్చాక అవ్వ అమ్మ పక్కన కూర్చుని, తెల్లగ ముద్దుగ ఉన్నది బిడ్డా, కోడిగుడ్డు లెక్క ఉన్నది అని చెప్పింది. అమ్మ దుప్పటి ముఖం మీదికి లాక్కుంది.

ఆ కోడిగుడ్డు మాట మాత్రం అమ్మలో ఏడాదంతా ఉన్నట్టుంది. మరుసటేడు ఈస్టరుకు ముందు వచ్చే మట్టలాదివారం నాడు, చేతిలో ఈతాకు పట్టుకుని చర్చి నుంచి వస్తూ, ఈసారి నేను వస్త, నా కొడుకును చూసొస్త అన్నది. నాయిన ముఖం ఎంతగా వెలిగిందో నాకు ఇప్పటికీ కళ్లకు కడుతుంది. ఆమె ఆ రోజు నుంచి కాస్త తినడం మొదలుపెట్టింది, తల దువ్వుకుంది. ఆమె అక్కడికి వచ్చి, ఆ తెల్లటి దిబ్బ మీద చెయ్యి వేసి, ఊరికే ఏడ్చి లేస్తే చాలు, మా ఇల్లు మళ్లీ ఇల్లవుతుందని అవ్వ ప్రార్థనలో పైకే అనేది.

శనివారం మధ్యాహ్నం మేం ముగ్గురం ముందుగా వెళ్లి సున్నం వేశాం. నాయిన రెండు పూతలు వేశాడు. అంతలో పక్క వాడ నుంచి ఎస్తేరమ్మ అనే ఆమె చంకలో పసిబిడ్డతో, చేతిలో సున్నపు ముంతతో వచ్చి మా వెనక నిలబడింది. ఎంతసేపటికీ కదలదు. అవ్వ ఏంది బిడ్డా అంటే, నెమ్మదిగా, తప్పు తనదే అయినట్టు చెప్పింది.

"అవ్వా, ఇది మా పిల్లది. తలకాడ ఇసుర్రాయి తునక నేనే పాతిన. పోయినేడు నిండుమనిషిని, రాలేదు."

అవ్వ వేళ్లతో తడి సున్నం తుడిచి చూసింది. ఇసుర్రాయి ముక్కే. పక్కన తిరగలి గాట్లు కూడా కనిపిస్తున్నాయి. ఆ రాయిని నాయిన పాతాడనుకుంది అవ్వ. అవ్వ పాతిందనుకున్నాడు నాయిన. ఆ వాన రోజు తర్వాత ఎప్పుడో ఒకరు వచ్చి పెట్టి ఉంటారని ఎవరికి వాళ్లు అనుకున్నారు, ఆ బాధలో ఒకరినొకరు అడగలేదు. రెండేళ్లుగా మేం ఇంకొకరి బిడ్డకు సున్నం వేస్తున్నాం. మరి మా వాడు ఎక్కడ? నాయిన వేప చుట్టూ తిరిగాడు, ఇటు అన్నాడు, కాదు అటు అన్నాడు, సీతాఫలం పొదల కింద మోకాళ్ల మీద కూర్చుని గడ్డి తడిమాడు. పేరూ రాయీ లేని చిన్న దిబ్బలు అక్కడ చాలా ఉన్నాయి. ఆ వానాకాలం మాది ఒక్క ఇల్లే కాదు. నా భయం నిజమైంది. వాడు తప్పిపోయాడు. బకెట్టు చేతిలో పట్టుకుని నేను నిలబడి ఉంటే ఎస్తేరమ్మ నా తల నిమిరింది.

నాయిన ఒక దిబ్బను చూపించి దీనికి సున్నం వేద్దాం, ఇదే అని చెప్దాం, ఆమెకు ఏం తెలుసు అన్నాడు. ఆయన ఎన్నడూ అబద్ధమాడే మనిషి కాదు, ఆ మాట అంటుంటే గొంతు ఎవరిదోలా ఉంది. అవ్వ పొదల వైపు ఇంకోసారి చూసింది. కుంచె కడిగి బకెట్టులో వేసింది. ముగ్గురం ఇంటికి వచ్చాం. అమ్మ మరునాటి కోసం బెల్లం పరమాన్నానికి బియ్యం ఏరుతూ కూర్చుని ఉంది. దారి మంచిగుందా అని అడిగింది. మంచిగుందన్నాడు నాయిన.

తెల్లవారకముందే వాడంతా బయలుదేరింది. కాగితపు దొన్నెల్లో కొవ్వొత్తులు, ముందు పాస్టరయ్య, వెనక పాట. అమ్మ ఉతికిన తెల్లచీర కట్టుకుని నా చెయ్యి పట్టుకుని నడిచింది, ఆమె చెయ్యి కాలుతోంది. ఎర్రదిబ్బ ఎక్కగానే కొవ్వొత్తుల వెలుగులో సున్నం వేసిన సమాధులన్నీ ఒక్కసారి కనిపించాయి. అమ్మ నిలబడి చూసింది. తర్వాత నాయిన వైపు తిరిగి అడిగింది.

"ఎల్లి అదాన?"

ఎక్కడున్నాడు అని. నాయిన చెయ్యి ఒక దిబ్బ వైపు సగం లేచింది, మళ్లీ కిందికి వచ్చింది. అప్పుడు అవ్వ చెప్పేసింది. వాన రోజున గుర్తు పెట్టలేదని, ఇన్నాళ్లు వేరేవాళ్ల దిబ్బనే మనదనుకున్నామని, ఎక్కడున్నాడో తెలియదని, ఏ ముసుగూ లేకుండా చెప్పింది. నేను అమ్మ చెయ్యి వదిలి కళ్లు మూసుకున్నాను. చూడలేకపోయాను.

అమ్మ పిలవడం మొదలుపెట్టగానే కళ్లు తెరిచాను. అంగడిలో పిలిచినట్టే. దానేలూ, దానేలూ అని, కొంగు నేల మీద ఈడుస్తూ, ఒక దిబ్బ దగ్గర నుంచి ఇంకో దిబ్బ దగ్గరికి, పొదల వెనకకు, వేప వెనకకు. పాట ఆగిపోయింది. కొవ్వొత్తులు పట్టుకుని అందరూ ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు. పాస్టరయ్య ఒక అడుగు ముందుకు వేసి ఆగాడు. ఆమె పిలిచి, తల వంచి వింటోంది, మళ్లీ పిలుస్తోంది. ఆ ఎదురుచూపు కంటే భయంకరమైనది నేను నా జీవితంలో చూడలేదు. పిలిచి పిలిచి గొంతు రాక, చివరికి దిబ్బల మధ్య కూలబడింది. అవ్వ వెళ్లి పక్కన మట్టిలోనే చతికిలబడి, కోడలి వీపు మీద చెయ్యి వేసింది.

"నీ గొంతు అంగడి దాంకనే బిడ్డా. ఇక్కడ పిలిచేటాయన వేరే ఉన్నడు. ఆయన కూడ గిట్లనే ఓ మట్టిల పన్నడు. మూడోనాడు లేసిండని గదా మనం ఈడికొచ్చింది."

అవ్వ ఆ మాటలు ఎన్నిసార్లో అని ఉంటుంది, పాటల్లోనూ ప్రార్థనల్లోనూ. ఆ రోజు మాత్రం ఆమె గొంతులో బోధ లేదు, ఆమె కూడా ఏడుస్తూ అడుక్కుంటున్నట్టే ఉంది. అమ్మ చాలాసేపు మట్టిని చూస్తూ కూర్చుంది. తూర్పున చెరుకు చేల మీద తెలుపు వస్తోంది. అప్పుడు, అవ్వతో కాదు, మాలో ఎవరితోనూ కాదు, ఆ నేలతో అన్నట్టు మాట్లాడింది.

"నేనే చెప్పిన వానికి. ఉన్నకాడనే ఉండుమని. ఉంటడు. నా మాట తప్పడు వాడు." చేతి కింది మట్టిని అరచేత్తో నిమిరింది. "నాకు జాగ తెల్వదు. ఆయనకు తెలుసు. ఆయన పిలిస్తే పలుకుతడు."

ఆ మాట విన్నప్పుడు నాకేం జరిగిందో సరిగ్గా చెప్పాలని ఇన్నేళ్లుగా ప్రయత్నిస్తున్నాను. మెరుపులు రాలేదు, దర్శనాలు రాలేదు. చావు తర్వాత దారి తెలుసుకుని మనమే నడిచి పోవాలని, చిన్నవాళ్లకు ఆ దారి తెలియదని కదా నా గుబులంతా. పోవాల్సింది మనం కాదు, రావాల్సింది ఆయన. మనం తప్పిపోయినచోటికే ఆయన పిలుచుకుంటూ వస్తాడు, ఒకసారి మట్టిలో పడుకుని లేచినవాడు గనుక మట్టి ఆయనకు కొత్త కాదు. అమ్మలాంటి కోపగొండి మనిషే అంగడిలో వరసలన్నీ తిరిగి వాణ్ని పట్టుకున్నప్పుడు, దేవుడు తిరగడా అనుకున్నాను. అంత చిన్న తర్కమే. ఏ బంగారు వీధులూ చెయ్యలేని పని అది చేసింది.

తర్వాత అమ్మ లేచి సున్నం ఉందా అని అడిగింది. మేం బకెట్టు తేలేదు. ఎస్తేరమ్మ ముంతలో నిన్నటిది మిగిలి ఉంది. ఆ ఇద్దరు ఆడవాళ్లూ, ఒకరు కుంచెతో, ఒకరు ఉత్త చేతులతో, పేరూ రాయీ లేని దిబ్బలన్నిటికీ సున్నం పూశారు. ఇందులో ఏదో ఒకటి వాడే అన్నది అమ్మ. మిగతావి కూడా ఎవరివో ఒకరివే గదా అన్నది ఎస్తేరమ్మ. అమ్మ నన్ను పిలిచి నా అరచేతిలో ఇంత సున్నం వేసింది. నేను మొదటిసారి ఆ మట్టి మీద కాలు పెట్టాను. మెత్తగా, చల్లగా, మామూలు మట్టిలా ఉంది. సున్నానికి చేతులు మండితే ఇంటికి వచ్చాక అవ్వ మజ్జిగ రాసింది. ఆ పరమాన్నం గిన్నె నాకేదాకా తిన్నాను.

భయం ఆ రోజుతో చచ్చిపోయిందని చెబితే అబద్ధం. అప్పుడప్పుడు వచ్చేది, కాని ఇంటి మనిషిలా లోపలికి వచ్చేది కాదు, వాకిట్లో నిలబడి పోయేది. అవ్వ చివరి జబ్బులో మంచం మీద ఉన్నప్పుడు, అన్ని పాటలు పాడిన ఆ మనిషే ఒక సాయంత్రం అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుని, ఏమైతదో ఏమో సుగుణా, భయమైతుంది అన్నది. మేం బిత్తరపోయాం. అమ్మ మాత్రం అవ్వ నుదుటి మీది చెమట తుడిచి, ఏడకు పోవద్దు అత్తా, ఉన్నకాడనే ఉండు అన్నది. అవ్వకు నవ్వు వచ్చింది. చెయ్యి పట్టు వదులైంది. మూడు నాలుగు రోజులకు, తెల్లవారుజామున నీళ్లడిగి తాగి, అట్లాగే పోయింది.

ఇప్పుడు మా సమాధుల తోటకు ప్రహరీ గోడ వచ్చింది, ఇనుప గేటు వచ్చింది. లోపల నల్లరాతి పలకలు, టైల్సు, బంగారు అక్షరాల పేర్లు, కొన్నిటికి ఫొటోలు. శనివారం నాడు ఎవరూ సున్నం తేవడం లేదు, రాయికి సున్నం ఎందుకు, తడిగుడ్డతో తుడిస్తే చాలు. ఈతమట్టల కుంచెలు చేసిన నాయిన కూడా ఇప్పుడు అక్కడి మట్టిలోనే ఉన్నాడు. ఎస్తేరమ్మ ఉంది. వేప కొట్టేశారు, పిల్లల దిబ్బలున్న మూల చాలావరకు చదును చేసి దారి వేశారు. గోడ వారగా ఒక నాలుగైదు మిగిలాయి. ఎవరివని అడిగితే కొత్త పాస్టరు గారికి తెలియదు, రిజిస్టరులో లేవన్నారు.

నిన్న శనివారం అమ్మా నేనూ ఆటోలో వెళ్లాం. అమ్మకు ఇప్పుడు చూపు బాగా తగ్గింది, నడుం వంగింది, కోపం మాత్రం తగ్గలేదు, గేటు దగ్గర టైల్సు మీద కాలు జారబోతే కన్నడంలో తిట్టింది. ఆమె నేల మీద కూర్చుని చేత్తో తడిమి చూపిస్తుంటే నేను సున్నం పూశాను. ఆపరేషను సంగతి ఆమెకు చెప్పాను గాని నా భయం సంగతి చెప్పలేదు. చెప్పకపోతే తెలియదనుకున్నాను. చివరి దిబ్బ పూర్తయ్యాక, చేతులు తుడుచుకోమని కొంగు ఇస్తూ, భయమైతుందా అని అడిగింది. అయితుందమ్మా అన్నాను. నా గొంతు చిన్నపిల్లది అయిపోయింది.

"మత్తు ఇస్తరంట గద," అన్నది అమ్మ. "ఇయ్యని. నువ్వు ఏడకు పోకు. ఉన్నకాడనే ఉండు. లేస్తే నేను పిలుస్త. లేవకుంటే ఆయన పిలుస్తడు. ఇద్దర్ల ఎవరో ఒకరం వస్తం."

సున్నం ఇంకా ఆరలేదు. అది ఆరేకొద్దీ తెల్లబడుతుంది, తడిగా ఉన్నప్పుడు ఏమీ కనిపించదు. మేం అక్కడే గోడ నీడన కూర్చుని అది ఆరేదాకా చూశాం. సరే అమ్మా, ఉంట అన్నాను.